యజమానే వేధిస్తుంటే ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: బట్టల షాపులో ఆరుగురం పనిచేస్తాం. యజమాని అసభ్యంగా మాట్లాడుతూ చెయ్యి వేస్తున్నాడు. ఇక్కడ ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీ ఏదీ లేదు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పదిమంది కంటే తక్కువున్న చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం జిల్లా లోకల్ కమిటీకి వెళ్లాలమ్మా. కలెక్టరేట్‌లో వాకబు చెయ్యండి. కమిటీలో మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల వాళ్లూ ఉంటారు. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు 6 కాపీలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఇవ్వాలి. ‘వేధిస్తున్నాడు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఫిర్యాదు నిలబడదు. తేదీ, వేళ, అతనన్న మాట ఉన్నదున్నట్టు (సిగ్గుపడి మార్చకండి), అప్పుడు పక్కన ఎవరున్నారో రాయండి. వాట్సాప్ మెసేజ్‌లు చెరపొద్దు. డబ్బిచ్చి రాజీ చేసుకోవడం చట్టం ఒప్పదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. అక్కడ ఇద్దరి తరఫునా లాయర్లు రాకూడదు.