నీట్ రాని పాప, బ్యాక్టీరియా కత్తెర

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాను. మా పాప బైపీసీలో మంచి మార్కులతో పాసై రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. ఇంక రాయనంటోంది. మన ఒంట్లోని యాంటీబాడీలను ఏదో బ్యాక్టీరియా కోసేస్తుందట, దాని మీద చదువుతానంటోంది. మేత బిల్లుల వెనక దాని బొమ్మలే. ఒకటి ఫొటో తీసి పంపుతున్నా. మా బావమరిది ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ బయోటెక్నాలజీ, తర్వాత అమెరికా ఎమ్మెస్ అంటున్నాడు. సైన్సు పరిశోధన వైపు నడిపే ఐసర్, మామూలు డిగ్రీ, ఈ బీటెక్: ఏది మేలు? ఉద్యోగం వస్తుందా? నలుగురిలో ఏమని చెప్పుకోవాలి?

జవాబు: అయ్యా, మీ చివరి వాక్యం నాకు కొత్త కాదు. నీట్ ఫలితాలొచ్చిన ప్రతి ఏడాదీ జూన్, జులైలలో నా దగ్గరికొచ్చే నాన్నలందరూ కోర్సు గురించే మొదలుపెట్టి, లేచి వెళ్లే ముందు ఆ మాట అంటారు. పాప డాక్టరు కాలేదన్న దిగులు మీది. అది తప్పని నేననను. కాని ఆ దిగులుతో కోర్సు ఎంచితే దెబ్బ తినేది పాపే.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పనివ్వండి. మీకవి పిచ్చిగీతలు. నేను ఫొటో పెద్దది చేసి చూశాను. మేత బస్తాల లెక్కకు అవతలి వైపు బాల్‌పెన్నుతో ఒక పంగలకర్ర, దాని పంగ కింద కత్తెర. యాంటీబాడీ రూపం అదే. పై రెండు కొమ్మలూ క్రిమిని పట్టుకుంటాయి, కింది కాడ మన కాపలా కణాలను రమ్మని పిలుస్తుంది. స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ అనే బ్యాక్టీరియా ఉంది. గొంతునొప్పి తెచ్చేది, కొందరు పిల్లల్లో ఆ తర్వాత రుమాటిక్ జ్వరమై గుండె కవాటాల దాకా పోయేది. అది ఐడెస్ అనే ఎంజైమును వదిలి సరిగ్గా ఆ పంగ కిందే కోస్తుంది. కొమ్మలు క్రిమిని పట్టుకునే ఉంటాయి, పిలవాల్సిన కాడ మాత్రం ఊడిపోతుంది. అదే బ్యాక్టీరియా దగ్గర ఎండోఎస్ అని ఇంకో ఎంజైము ఉంది. అది ముక్కలు చెయ్యదు. కాడకు అతుక్కున్న చక్కెర గొలుసును కత్తిరిస్తుంది, దాంతో కాపలా కణాలు ఆ కాడను సరిగా గుర్తుపట్టలేవు.

స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు 2000ల మొదట్లో ఈ రెండింటినీ బయటపెట్టారు. శత్రువు కత్తెరనే మందు చేశారు కూడా. కిడ్నీ మార్చాల్సిన కొందరి రక్తంలో, ఎవరి కిడ్నీ పెట్టినా ఎదురుతిరిగే యాంటీబాడీలు ఉంటాయి. ఐడెస్‌తో చేసిన మందు కొన్ని గంటల్లోనే వాటిని కోసిపడేస్తుంది. ఒకటి రెండు వారాల్లో అవి మళ్లీ పుట్టుకొస్తాయి, ఆ మధ్యలో కిడ్నీ పెట్టేస్తారు. 2020లో యూరప్‌లో దానికి షరతులతో అనుమతి వచ్చింది. ఇంకా వెనక్కి, 1959లో, రోడ్నీ పోర్టర్ యాంటీబాడీని ముక్కలు చేసి దాని కట్టుబడి తెలుసుకున్నది పపైన్‌తో, అంటే బొప్పాయి పాలలో ఉండే ఎంజైముతో. మాంసం మెత్తబడాలని మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేసేదీ దానికోసమే. యాంటీబాడీ కట్టుబడి తేల్చినందుకు పోర్టర్‌కు 1972లో నోబెల్ వచ్చింది.

మీ గుంటల్లోని రొయ్యకు అసలు యాంటీబాడీలే ఉండవు. మన పిల్లలకు వేసినట్టు దానికి టీకా వేసి కాపాడుకోలేకపోవడానికి అదొక పెద్ద కారణం. గుంటకు తెల్లమచ్చ రోగం తగిలిన రాత్రి మీరు గట్టు మీద ఎలా నిలబడ్డారో పాప చూసే ఉంటుంది. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. చాలామంది పిల్లలు సీటు కోసం వస్తారు నా దగ్గరికి. తనదంటూ ఒక ప్రశ్న పట్టుకుని వచ్చేవాళ్లు బహు తక్కువ.

ఇక మీ బావమరిది గారి సలహా. బీటెక్ అన్న రెండక్షరాలకు మన జిల్లాలో ఇప్పటికీ మంత్రంలా పనిచేసే బలముంది, అందుకే నాకు భయం. ఆ సిలబస్ చూడండి. లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఉష్ణ ప్రసరణ, క్రిములను పెంచే ఫెర్మెంటర్ తొట్ల డిజైను. పాప అడుగుతున్న ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శక్తి చదువు, చాలాచోట్ల ఒక పేపరు. ఈ కోర్సు చేసి నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది మెడికల్ కోడింగుకో, సాఫ్ట్‌వేర్ టెస్టింగుకో పోయారు. అవి చెడ్డ ఉద్యోగాలేం కావు, కాని వాటికి నాలుగేళ్ల బయోటెక్నాలజీ ఫీజు కట్టనక్కర్లేదు. రెండేళ్ల కిందట ఒక తల్లిదండ్రుల వెంట ఒక కాలేజీ ల్యాబ్ చూడ్డానికి వెళ్లాను. ల్యాబ్ సామానును ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూతకు కంపెనీ నుంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే లోపల అటెండెన్సు రిజిస్టర్లు. క్రిములు పెంచే గదిలో ఉండాల్సిన ఆ పులిసిన వాసనే లేదు. బ్రోషర్లో మాత్రం ఆ ల్యాబ్‌కు రెండు పేజీలిచ్చారు.

అన్ని కాలేజీలూ అంతే అనడం లేదు. ఫెర్మెంటర్లు నిజంగా తిరిగే చోట బీటెక్ చేసిన పిల్లలకు టీకాల తయారీలో మంచి చోటుంది. మీ పాప ప్రశ్న మాత్రం అక్కడిది కాదు. ఇక అప్పు చేసి ఎమ్మెస్. మీది పట్టుబడి మీద నడిచే ఇల్లు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రాకపోతే, రేటు పడిపోతే ఆ ఏడాది ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇంకో గుంట కౌలుకు తీసుకోవాలంటే నీళ్లు పరీక్ష చేయిస్తారు, సీడ్ పరీక్ష చేయిస్తారు. కూతురి నాలుగేళ్లకు బావమరిది ఒక్క ఫోను సరిపోయిందా? ఇది కటువుగా ఉంటే ఉండనివ్వండి.

నా మాట ఇది. ఈ ఏడాది ఖాళీగా కూర్చోబెట్టకుండా నెల్లూరులోనో ఒంగోలులోనో ల్యాబ్ నడిచే కాలేజీ చూసి మైక్రోబయాలజీ ఉన్న డిగ్రీలో చేర్చండి. పక్కన ఐసర్ ప్రవేశ పరీక్షకు చదవనివ్వండి. దాన్లో గణితం ప్రశ్నలూ ఉంటాయి, బైపీసీ పిల్లలు జారేది అక్కడే. ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి మూడేళ్ల లోపే ఆ పరీక్ష రాయనిస్తారు కాబట్టి వాయిదా వెయ్యొద్దు. వస్తే తిరుపతి ఐసర్ మనకు దగ్గర. రాకపోతే కొంపేం మునగదు. డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తిరుపతి ఎస్వీయూలో వైరాలజీ ఉంది, ఆపైన హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ ఉంది. దారి కాస్త పొడుగు, అంతే.

ఉద్యోగం మాట దాచను. ఎమ్మెస్సీతో ఆగితే టీకాల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే ఉద్యోగం దొరుకుతుంది, మొదట్లో జీతం తక్కువే. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. మీరు పంపాల్సిన పని ఉండదు. చదువు ముగిసేసరికి ముప్పై దగ్గర పడుతుంది. ఈలోపు పెళ్లి సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ రోజు పాప తరఫున మాట్లాడాల్సింది మీరే.

రెండుసార్లు ఓడిపోయానని అనుకుంటూనే, ఆ మేత బిల్లు వెనక్కి తిప్పి యాంటీబాడీ గీసిన పిల్ల అది. చదువు మీద మనసు విరిగిన పిల్ల అలా చెయ్యదు. నాకు ఆమె గురించి బెంగ లేదు, మీరూ పెట్టుకోకండి. నలుగురు అడిగితే మా పాప మైక్రోబయాలజీ చదువుతోందని చెప్పండి. అదేమిటని అడిగితే పంగలకర్ర కథ చెప్పండి.

శనివారం నెల్లూరు వస్తామన్నారు కదా, బావమరిది గారు లేకుండా పాపనూ వాళ్లమ్మనూ తీసుకురండి. ఆ బిల్లు కూడా తెమ్మనండి. రెండో ఎంజైము కత్తిరించే చక్కెర గొలుసు కాడ మీద ఎక్కడుంటుందో పాప గీయలేదు, అది నేను అడగాలి.