టెక్ సందేహాలు: తలుపుకు చెమట, గోడకు పాస్‌వర్డు

ప్రశ్న: మాది నల్లగొండలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్. కల్చర్ ప్లేట్ల (పేషెంట్ శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే మూత పళ్లేలు) కోసం నిరుడు వైఫై, ఫోన్ యాప్ ఉన్న ఇంక్యుబేటర్ (ఒకే వేడి నిలిపి ఉంచే పెట్టె) కొన్నాం. మే నెలలో 37 పెడితే 40 చూపించింది. ఏసీ పెట్టించాక అది తగ్గింది. ఈ మధ్య ఏదో అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు గాజు తలుపు లోపల, ప్లేట్ల మూతలకు నీళ్లు కారుతున్నాయి. స్క్రీన్ మీద మాత్రం 37.0 కదలడం లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. ఏ సెట్టింగ్ మార్చాలి? ఫోటో జత చేశాను.

జవాబు: యాప్ ఎన్నిసార్లు తీసి వేసినా తలుపు చెమట ఆరదు. ఏ మెషీన్‌కు ఏం జరిగినా ఇదే మందు చెప్పే కస్టమర్ కేర్ వాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

ముందు మే నెల సంగతి. మీ పెట్టెలో హీటర్ ఒక్కటే ఉంది, చల్లబరిచే కంప్రెసర్ లేదు. అలాంటిది సరిగ్గా పనిచేయాలంటే గది వేడి మీరు పెట్టిన అంకె కంటే అయిదు డిగ్రీలైనా తక్కువ ఉండాలి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం బయట 44 ఉంటే, ఏసీ లేని గదిలో హీటర్ పూర్తిగా ఆగిపోయినా లోపల 40 ఉంటుంది. అందులో మెషీన్ తప్పేం లేదు. కాకపోతే అమ్మేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఇక చెమట. నాకు అప్‌డేట్ కంటే ముందు మీ ఏసీ మీదే అనుమానం. ఫోటోలో ఏసీ సరిగ్గా ఇంక్యుబేటర్‌కు ఎదురుగా ఉంది, గాలి నేరుగా గాజు మీద కొడుతోంది. లోపల 37 డిగ్రీల గాలిలో తేమ 50 శాతం ఉంటే, దాదాపు 25 డిగ్రీలకు చల్లబడిన చోట నీరు పడుతుంది. అదే తేమ 90 శాతం ఉంటే 35 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. అంటే తలుపు రెండు డిగ్రీలు చల్లబడితే చాలు. కింది అరలో స్టీలు గిన్నెలో నీళ్లు కూడా పెట్టారు. ఒక్క రాత్రి ఉంచే మామూలు బ్యాక్టీరియా కల్చర్లకు ఆ గిన్నె అక్కర్లేదు, తీసేయండి. ఎప్పుడైనా తప్పక పెట్టాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే పోయండి. నల్లగొండ బోరు నీళ్లు పోస్తే గిన్నెకు తెల్లటి పొలుసు కడుతుంది. ఏసీ రెక్కలు పక్కకు తిప్పండి. కొన్ని మోడళ్లలో గాజు చల్లబడకుండా తలుపులోనే సన్నటి హీటర్ ఉంటుంది. అప్‌డేట్‌తో దాని సెట్టింగ్ ఫ్యాక్టరీలో పెట్టినదానికి వెనక్కి పోయిందేమో మెనూలో చూడండి. అప్‌డేట్‌ను అనుమానించాల్సింది అక్కడ మాత్రమే.

మూతల మీది నీరు వేరే కథ. అది చాలావరకు ప్లేట్ తయారు చేసిన రోజే మొదలవుతుంది. అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) 45, 50 డిగ్రీలకు చల్లారకముందే పోస్తే ఆవిరి మూతకు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా లోపల పెట్టినా నీరు పడుతుంది. బల్ల మీద కాసేపు ఆరనిచ్చి, తిరగేసి పెట్టండి. మూత మీది చుక్క అగార్ మీద పడితే కాలనీలు (బ్యాక్టీరియా గుంపుల చుక్కలు) ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇది టెక్నీషియన్‌కు చెప్పాల్సిన మాట కాదు, కానీ ఫోటోలో మూతలన్నీ పైకే ఉన్నాయి.

కదలని 37.0ను మాత్రం నమ్మకండి. అది సెన్సర్ ఉన్న ఆ ఒక్క చోటి లెక్క. పైగా కొన్ని కంట్రోలర్లు సెట్ చేసిన అంకెకు దగ్గరగా వస్తే చాలు, ఆ అంకెనే చూపిస్తాయి. చిన్న సీసాలో నీళ్లు పోసి, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న థర్మామీటర్ అందులో ముంచి ఒక రాత్రి ఉంచండి. పై అర, మధ్య అర, కింది అర, మూడు రాత్రులు చూడండి. అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. అదే ఫోటోలో మెషీన్ పక్కన స్టిక్కర్ ఉంది. దాని మీద యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డు 1234. వెనక గోడ మీద పేషెంట్ల కోసం వైఫై పాస్‌వర్డు పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. రెండూ ఒకే రౌటర్ అయితే, రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చున్న ఏ కుర్రాడైనా మీ ఇంక్యుబేటర్ లోపలికి వెళ్లొచ్చు. వెళ్లి ఏం చేస్తాడంటారా? రాత్రి రెండింటికి 37ను 47 చేసి, తెల్లారేసరికి మళ్లీ 37కు తెచ్చి పెట్టాడనుకోండి. పొద్దున ప్లేట్ ఖాళీగా కనబడొచ్చు. మీరు ‘నో గ్రోత్’, అంటే బ్యాక్టీరియా ఏదీ పెరగలేదని రిపోర్ట్ ఇస్తారు. డాక్టర్ ఆ కాగితం చూసి యాంటీబయాటిక్ ఆపేస్తాడు. స్క్రీన్ మీద మాత్రం 37.0. దీనికి పెద్ద హ్యాకర్ అక్కర్లేదు, ఆకతాయి చాలు. రిపోర్టుల కంప్యూటర్ కూడా అదే వైఫై మీద ఉంటే పేషెంట్ల వివరాలకూ అదే గతి.

ఈ రాత్రికే స్టిక్కర్ పీకి పాస్‌వర్డు మార్చండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి పేషెంట్లను దాని మీదికి పంపండి. ఇంక్యుబేటర్‌ను బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా తెరిచేలా ఎవరైనా రౌటర్‌లో పోర్టు (బయటివాళ్లు లోపలికి వచ్చే దారి) తెరిచి ఉంచితే మూసేయండి. యాప్‌లో ఎవరెవరి ఫోన్లు ఉన్నాయో చూడండి. మానేసి వెళ్లిపోయిన టెక్నీషియన్ ఫోన్ ఇంకా అందులోనే ఉండటం నేను చాలా ల్యాబుల్లో చూశాను. ఫోన్‌కు అలారం వస్తే చాలు. డిగ్రీలు మార్చే అధికారం మెషీన్ ముందు నిలబడ్డ మనిషికే ఉండాలి.

అసలు వేడి పెట్టెకు ఇంటర్నెట్ ఎందుకో నాకు అర్థం కాదు. పాత మెషీన్లకు ఒక గుండ్రటి నాబ్ ఉండేది. దాని థర్మోస్టాట్ డిగ్రీ అటూ ఇటూ ఊగేది, నిజమే. వేడిని కొంచెం కొంచెంగా సరిచేస్తూ నిలకడగా ఉంచే పీఐడీ కంట్రోలర్ అంతకంటే ఎంతో మెరుగు, దాన్ని నేను కాదనను. కానీ పీఐడీకి వైఫై అక్కర్లేదు. ఇప్పుడేమో అకౌంట్ తెరవాలి, ఓటీపీ యజమాని ఫోన్‌కు వస్తుంది, ఆయన పెళ్లికి వనపర్తి పోయి ఉంటాడు. అడగకుండానే అప్‌డేట్ దిగుతుంది, ఏం మారిందో ఒక్క వాక్యం కూడా రాయరు. ఇంతా చేసి, వేడి హద్దు దాటితే హీటర్‌ను కత్తిరించే విడి సేఫ్టీ థర్మోస్టాట్ చాలా చవక మోడళ్లలో ఉండదు. కొనేటప్పుడు యాప్ గురించి అడక్కండి, దాని గురించి అడగండి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర నాటుకోడి గుడ్లు పొదిగించే చిన్న మెషీన్ పెట్టాను. చివరి రోజుల్లో అద్దానికి ఆవిరి పడుతోంది. తెరిచి తుడుస్తున్నా. పిల్లలు పెంకులోనే చచ్చిపోతున్నాయి.

జవాబు: తుడవకండి, అసలు తెరవకండి. ఫ్యాన్ ఉన్న మెషీన్‌లో వేడి 37.5 దగ్గర, తేమ మొదటి 18 రోజులు 50, 55 శాతం, చివరి మూడు రోజులు 65, 70 ఉండాలి. ఆ మూడు రోజుల్లో మీ అద్దానికి పట్టేది కావాల్సిన చెమటే. మీరు తెరిచిన ప్రతిసారీ ఆ తేమ బయటికి పోయి, పెంకు లోపలి పొర ఎండిపోయి పిల్లకు అతుక్కుంటోంది.