పాత ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? యాప్‌లో ఎవరున్నారో చూడండి

ప్రశ్న: మూడేళ్లు వాడిన ఎలక్ట్రిక్ కారు బేరానికి వచ్చింది. ఇంకో ఆరేడేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నాం. తరచూ కర్నూలు వెళ్లొస్తాం. ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు వచ్చేది తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ ‘ఎన్ని కిలోమీటర్లు’ ప్రశ్న రాని వారం లేదు. కంపెనీ వేసే అంకె పరీక్షలో వచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ పెట్టుకుని ఎన్‌హెచ్ 44 మీద వందలో పోయే బండికి అంత రాదు. దాన్ని పక్కన పెట్టండి.

మన ఎండల్లో ముందు అడగాల్సింది బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ (ద్రవం తిప్పి చల్లబరిచే ఏర్పాటు) ఉందా అని. ఉత్త గాలితో చల్లబడే రకమైతే ఆరేడేళ్ల ఆశ పెట్టుకోవద్దు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీ వేడిని కాస్త బాగా తట్టుకుంటుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) అయితే రోజువారీ చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేయాలి. వారంటీ చాలావాటికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ‘జీవితకాలం’ అని ఊరించేవి కొన్ని మొదటి ఓనరుకే వర్తిస్తాయి. మీకు ఎంత మిగిలిందో షోరూము చేత రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

నన్ను భయపెట్టేది వేరే ఉంది. అమ్మేవాళ్లు తాళాలిస్తారు, ఆర్‌సీ మార్పిస్తారు. కారును ఫోన్లోంచి చూసుకునే కంపెనీ యాప్ సంగతి ఎవరికీ గుర్తుండదు. కారు మీ వాకిట్లో ఉంటుంది, పాత ఓనరు ఫోన్లోనూ ఉంటుంది. ఎక్కడ ఆగిందో చూడొచ్చు, చాలా కార్లలో తలుపులూ తీయొచ్చు. 2016లో ఒక ఎలక్ట్రిక్ కారు యాప్ గుట్టు భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. వీఐఎన్ నంబరు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) తెలిస్తే చాలు, ఎక్కడో కూర్చున్నవాళ్లు ఆ కారు ఏసీ వేయగలిగారు, ప్రయాణాల వివరాలు చూడగలిగారు. ఆ నంబరు చాలా కార్లలో ముందు అద్దం మూలన అందరికీ కనబడేలా ఉంటుంది! తయారీదారు ఆ సేవనే కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది.

అందుకే డబ్బు పూర్తిగా చేతిలో పెట్టకముందే అమ్మే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన యాప్‌లోంచి కారును తీసేయించండి. స్క్రీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి (ఆయన ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు అందులోనే ఉంటాయి, అది ఆయనకూ మంచిదే). ఆ తర్వాతే మీ నంబరు ఎక్కించండి. బ్రోకరు దగ్గర కొంటూ మొదటి ఓనరు దొరక్కపోతే, ఆర్‌సీ పట్టుకుని షోరూముకే వెళ్లి పాత ఖాతా తీసేయమనండి. ‘తర్వాత చూద్దాంలే సార్’ అంటే బేరం అక్కడే ఆపేయండి.

ఇక కారును యాప్‌తో కలిపేది కారు లోపలి సిమ్; అది ఎన్నాళ్లు పలుకుతుందో కూడా అడగాలి. 2022లో అమెరికాలో 3జీ ఆపేసినప్పుడు ఇంజనుకేమీ కాని కార్లలో కూడా కనెక్టెడ్ సేవలు (యాప్‌లాంటి నెట్‌తో నడిచేవి) మూగబోయాయి. పైగా ఈ అప్‌డేట్లొకటి! రాత్రికి రాత్రి ఏసీ మీట స్క్రీన్లో ఇంకో పేజీకి పోతుంది, డ్రైవింగ్ చేస్తూ వెతుక్కోవాలి. చేతికందేలా ఒక్క బటన్ పెట్టడానికి వీళ్లకేం రోగం? ఆరేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఎవరిస్తారని అడిగితే మాత్రం సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు.