గూగూడుకు రానంటున్న కొడుకు

ప్రశ్న: మాది నార్పల దగ్గర పల్లె. ఏటా మొహర్రంకు ఇంటిల్లిపాదీ గూగూడులో పీరుగా కొలిచే కుళ్లాయిస్వామి దగ్గరికి పోతాం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి ఈసారి రానన్నాడు. సైన్సు పెరిగేకొద్దీ మతం పోతుందని సోషియాలజీ ఎప్పుడో తేల్చేసిందట. నిజమేనా? వాణ్ని గట్టిగా చెప్పి తీసుకుపోవాలా?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: సోషియాలజీ అలా తేల్చలేదండీ. చాలామంది అలా అనుకున్న మాట నిజం. అమెరికాలో పనిచేసిన సోషియాలజిస్టు పీటర్ బర్గర్ 1960లలో అదే రాశారు. 1999కల్లా తన అంచనా తప్పని ఆయనే ఒప్పుకున్నారు. పశ్చిమ యూరప్‌లో చర్చికి పోయేవాళ్లు బాగా తగ్గారు. మిగతా ప్రపంచమంతా ఆ దారిన నడవలేదు.

దేవుడున్నాడా లేడా అన్న జోలికి మా శాస్త్రం పోదు. దేవుడి పేరున జనం కలిసి ఏం చేస్తున్నారో చూస్తుంది. పవిత్రమని ఎంచుకున్నవాటి చుట్టూ జనం ఒక్కటవడమే మతానికి ప్రాణమని ఫ్రాన్సు పండితుడు దుర్ఖైమ్ 1912లో రాశారు. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు, ఆయన రాసిన ఆస్ట్రేలియా ఆదివాసుల సంగతి పక్కనబెట్టి, పీర్ల గుండం దగ్గర మీకేమనిపిస్తుందని అడిగేదాన్ని. ‘ఒళ్లు జలదరిస్తుంది మేడమ్, పక్కనున్నది ఎవరో కూడా తెలీదు’ అనేవాళ్లు. దుర్ఖైమ్ చెప్పింది సరిగ్గా దాని గురించే. అక్కడ చక్కెర చదివించేవాళ్లలో హిందువులూ ఉంటారు, ముస్లింలూ ఉంటారు. మతం అన్న గడిలో ఒకే మాట రాసుకునే జనాభా లెక్కలకు ఈ బంధం ఎలా అందుతుంది?

అయితే ‘ఒక్కటవడం’ అన్నచోట ఆగిపోతే నాకు మనసొప్పదు. లోపలికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గడప బయటే నిలబెట్టారు? నాసిక్ కాలారాం గుడి ముందు 1930లో అంబేడ్కర్ సత్యాగ్రహం నడిపింది అందుకే. మన ప్రాంతం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. దళితుల ఆలయ ప్రవేశానికి ఇక్కడ 1947లో చట్టం రావాల్సి వచ్చింది. చివరికి అంబేడ్కర్ 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నారు. పుట్టుకతో వచ్చిన మతాన్ని వదిలి, ఆలోచించి మరొకటి ఎంచుకోవడం. ఆధునిక కాలంలో మతానికి వచ్చిన పెద్ద మార్పు నా దృష్టిలో ఇదే. బడి, ఆసుపత్రి, కోర్టు చాలావరకు మతం చేతి నుంచి జారిపోయాయి. మొక్కు మాత్రం మిగిలింది, దాన్నీ ఇప్పుడు ఎవరికి వాళ్లు నిర్ణయించుకుంటున్నారు.

మీ నాన్నగారి కాలంలో కొడుకు ‘రాను’ అనడం కష్టం. మీ అబ్బాయి అనగలిగాడు. బలవంతం చేయొద్దు. సెలవు దొరక్క అన్నాడో, నమ్మకం లేక అన్నాడో, అక్కడ ఏదైనా చూసి మనసు విరిగి అన్నాడో నిదానంగా అడగండి. మూడోదైతే, వాదించకుండా చివరిదాకా వినండి.