అరకు రైల్లో సీట్లూ, హాస్కెల్‌లో గ్లోబల్ స్టేటూ: ఒక యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది, పూర్తిగా చదివాను. హాస్కెల్ అనే, విలువలు మారనే మారని ప్రోగ్రామింగ్ భాషలో, మారుతూ ఉండే లెక్కను (అదే గ్లోబల్ స్టేట్) ప్రోగ్రాం మొత్తానికీ అందుబాటులో ఎలా ఉంచాలి అన్న విషయం మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. ఋషికొండలో ఆఫీసు ముగించుకొని వచ్చి రాత్రిపూట కూర్చొని రాశానన్నావు, ఆ శ్రమ ప్రతి పేజీలో కనిపిస్తోంది. అయితే ఇప్పుడున్నట్టుగా దీన్ని బయట పెట్టొద్దు. అసలు వ్యాసం ఏడో పేజీలో మొదలవుతోంది. అక్కడిదాకా పాఠకుడు ఉండడు.

మొదటి ఆరు పేజీల్లో మొనాడ్ (పనులను ఒకదాని వెనక ఒకటి కూర్చే పద్ధతి) సిద్ధాంతం, హాస్కెల్ పుట్టుక చెప్పావు. 1987లో పోర్ట్‌లాండ్ సమావేశంలో కమిటీ ఏర్పాటు, 1990లో భాష నిర్వచనం చెప్పే మొదటి రిపోర్టు, అన్నీ సరిగ్గానే రాశావు. కానీ నీ పాఠకుడు గాజువాకలో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు. అతనికి జావా, పైథాన్ వచ్చు. అతని మనసులో ఉన్న ప్రశ్న ఇది: "అన్ని ఫంక్షన్లకూ కనిపించే లెక్క ఒకటి కావాలి, దాన్ని ఇక్కడ ఎక్కడ పెట్టను?" ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టు. చరిత్రలోంచి ఒక్క ముక్క మాత్రం ఉంచుకో. 1990 రిపోర్టులో ఐఓ మొనాడ్, అంటే బయటి ప్రపంచంతో చేసే పనులకు ఇప్పుడు వాడే పద్ధతి, లేదు. అప్పట్లో ప్రోగ్రాం అంటే జవాబుల జాబితా తీసుకొని అభ్యర్థనల జాబితా ఇచ్చే ఫంక్షన్. మొనాడ్ పద్ధతి రిపోర్టులోకి వచ్చింది 1996లో, హాస్కెల్ 1.3తో. సిద్ధాంతం అంతా నేర్చుకుంటే గానీ హాస్కెల్ జోలికి వెళ్ళకూడదన్న భయం చాలామందికి ఉంది. భాషను తయారుచేసినవాళ్ళే కొన్నేళ్ళు అది లేకుండా నడిపించారని తెలిస్తే ఆ భయం తగ్గుతుంది.

ఇక నీ ఉదాహరణ. ఒక కౌంటర్ తీసుకొని దాన్ని ఒకటొకటిగా పెంచావు. ఆ కౌంటర్ తప్పితే ఎవరికీ ఏ నష్టమూ లేదు, అందుకే పాఠకుడికి దాని మీద పట్టింపు ఉండదు. లెక్క తప్పితే ఎవరో ఒకరు నష్టపోయే ఉదాహరణ కావాలి. మన ఊరి నుంచి అరకు వెళ్ళే రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె ఉంది కదా, 44 సీట్లు. శీతాకాలంలో ఆ సీట్ల కోసం ఎంత పోటీ ఉంటుందో విశాఖలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ సీట్ల లెక్క చూసే చిన్న ప్రోగ్రాం రాయి. నిజమైన రిజర్వేషన్ ఇలా నడవదని, ఇది అర్థం కావడానికి చేసిన నమూనా అని ముందే ఒక వాక్యంలో చెప్పెయ్. అక్కడి నుంచి నువ్వు చెప్పాల్సిన చిక్కులన్నీ ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వస్తాయి.

ముందు ఏ మార్పూ లేకుండా రాసి చూపించు. పెట్టె పరిస్థితినీ, ఒక అభ్యర్థననూ తీసుకొని, కొత్త పరిస్థితినీ ఫలితాన్నీ జంటగా ఇచ్చే మామూలు ఫంక్షన్ ఒకటి. 44 సీట్లున్నప్పుడు ముగ్గురికి అడిగితే, 41 సీట్లున్న కొత్త పరిస్థితి, దానితో పాటు "దొరికింది" అన్న జవాబు వస్తాయి. 44 సీట్ల పాత విలువ చెక్కుచెదరదు. సర్వర్ అక్కర్లేదు, థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) అక్కర్లేదు, ఈ ఫంక్షన్‌ను ఎవరైనా నిమిషంలో టెస్ట్ చేసుకోవచ్చు. అభ్యర్థనల జాబితా అంతా ముందే చేతిలో ఉంటే, దాని మీద ఒక ఫోల్డ్ (జాబితాలో ఒక్కొక్కదాన్నీ వరసగా తీసుకుంటూ ఫలితాన్ని ముందుకు మోసేది) నడిపితే చాలు, గ్లోబల్ అన్న మాటే రాదు. గ్లోబల్ వేరియబుల్ కావాలని మనకు అనిపించే చాలా చోట్ల నిజంగా కావలసింది ఇదే. దీనికి నువ్వు రెండే లైన్లు ఇచ్చావు. నేనైతే వ్యాసంలో మూడో వంతు ఇస్తాను.

అభ్యర్థనలు ఎప్పుడు, ఎటునుంచి వస్తాయో తెలియనప్పుడు మాత్రమే ఐఓరెఫ్‌ను, అంటే లోపలి విలువను మార్చుకోగల డబ్బాను, తీసుకురా. ఇక్కడ ఒక అందమైన విషయం ఉంది, నువ్వు దాన్ని చూడకుండా దాటిపోయావు. ఐఓరెఫ్ విలువను మధ్యలో ఎవరూ దూరకుండా మార్చే అటామిక్‌మాడిఫైఐఓరెఫ్ మన దగ్గర ఎలాంటి ఫంక్షన్ అడుగుతుందో చూడు: పాత విలువ ఇస్తే, కొత్త విలువా జవాబూ జంటగా తిరిగి ఇచ్చేది. అంటే పైన రాసుకున్న ఫంక్షనే! అభ్యర్థనను అందులో నింపేస్తే మిగిలేది అచ్చంగా ఆ ఆకారమే. ఆలోచన అంతా స్వచ్ఛమైన (జవాబు ఇవ్వడం తప్ప బయట దేన్నీ మార్చని) ఫంక్షన్‌లో ఉండిపోయింది, మార్పు అంచున ఒకే ఒక్క లైనులో జరిగింది. పాఠకుడు ఆ సంగతి తనంతట తాను కనిపెట్టేలా రెండు టైపులనూ పక్కపక్కనే పెట్టు. వివరణ తర్వాత ఇవ్వు.

నీ కోడ్‌లో నువ్వు చేసింది వేరు. ముందు రీడ్‌ఐఓరెఫ్‌తో చూశావు, సీటుంటే మాడిఫైఐఓరెఫ్‌తో తగ్గించావు. చివరి సీటు దగ్గర రెండు థ్రెడ్లు ఒకేసారి చూస్తే రెండింటికీ 1 కనిపిస్తుంది. రెండూ తగ్గిస్తాయి. రెండు కుటుంబాలకు ఒకే సీటు ఇచ్చినట్టు జవాబు వెళుతుంది. ఇది కాక హాస్కెల్‌కే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. మాడిఫైఐఓరెఫ్ లెక్కను అప్పటికప్పుడు చెయ్యదు, "ఒకటి తీసెయ్యాలి" అన్న పనిని వాయిదా వేసి పెట్టుకుంటుంది. మధ్యలో ఎవరూ చదవకపోతే ఆ వాయిదాలు పేరుకుపోయి మెమరీ తింటాయి. అందుకే పేరు చివర అపాస్ట్రఫీ ఉన్న రూపాలు వాడాలి, అవి విలువను వెంటనే లెక్కగడతాయి. ఒక చిన్న గుర్తు వల్ల వచ్చే తేడా ఇది, పాఠకుడి కంటపడేలా రాయి.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. ఏడో పేజీలో అన్‌సేఫ్‌పెర్ఫార్మ్‌ఐఓతో (ఐఓ పనిని మామూలు విలువలా చూపించే ఫంక్షన్) టాప్ లెవెల్‌లో, అంటే ఏ ఫంక్షన్ లోపలా కాకుండా బయట, ఐఓరెఫ్ పెట్టే చిట్కా ఇచ్చి, "ఇంతే, గ్లోబల్ వేరియబుల్ రెడీ" అన్నావు. తమ్ముడూ, నీ కోడ్‌ను కాపీ చేసుకునేవాడు కింద రాసిన హెచ్చరికల దాకా రాడు. ఆ చిట్కా చూపించదలుచుకుంటే ప్రమాదాలతో కలిపే చూపించాలి. స్వచ్ఛమైన భాషలో ఒక పేరూ, దాని నిర్వచనమూ ఒకటే అని కంపైలర్ నమ్ముతుంది. ఆ నమ్మకంతో పేరు ఉన్న ప్రతిచోటా నిర్వచనాన్ని పెట్టేసిందనుకో, ప్రతిచోటా కొత్త ఐఓరెఫ్ పుడుతుంది. ఒక చోట తగ్గించిన సీటు ఇంకో చోట తగ్గదు. అందుకే అలా పెట్టొద్దని కంపైలర్‌కు చెప్పే నోఇన్‌లైన్ ప్రాగ్మా రాయాలి. దీనికి ఎదురు తిరిగిన ప్రమాదం కూడా ఉంది: ఒకే నిర్వచనం ఉన్న రెండు ఐఓరెఫ్‌లను చూసి, ఒకే పని రెండుసార్లు ఎందుకని కంపైలర్ కలిపేయవచ్చు. అది జరగకుండా జీహెచ్‌సీకి (మనం వాడే హాస్కెల్ కంపైలర్) వేరే ఫ్లాగ్ ఇవ్వాలి. వీటన్నిటికంటే భయంకరమైనది ఖాళీ జాబితా సంగతి. టైపు రాయకుండా ఖాళీ జాబితాతో అలాంటి ఐఓరెఫ్ పెడితే, దానిలో ఏ రకం జాబితా అయినా ఉండవచ్చని కంపైలర్ ఒప్పేసుకుంటుంది. ఒక చోట పేర్లు వేసి, ఇంకో చోట అంకెలుగా చదవొచ్చు. హాస్కెల్ మీద మనం పెట్టుకున్న నమ్మకమంతా అక్కడ కూలిపోతుంది, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ పడిపోతుంది. ఆ ఒక్క ప్రోగ్రాం రాసి, నడిపి, ఫలితం చూపించు. ఎంత వివరణ రాసినా అంత పని చెయ్యదు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా ఒక చిక్కు మిగులుతుంది, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. రేపు నీ నమూనా రైలుకు రెండో విస్టాడోమ్ పెట్టె తగిలించారనుకో. గ్లోబల్ పేరు ఒకటే, పెట్టెలు రెండు. టెస్టులకూ ఇదే ఇబ్బంది: మొదటి టెస్టు అమ్మేసిన సీట్లు రెండో టెస్టుకు దొరకవు. పైగా ఫంక్షన్ టైపు చూస్తే అది ఐఓ అని తెలుస్తుందే తప్ప, సీట్ల లెక్కను ముట్టుకుంటుందో లేదో తెలియదు. ఇంటి తాళం చెవిని తులసికోట దగ్గర పెట్టి వెళ్ళడానికీ, ఫలానావాళ్ళ చేతికి ఇచ్చి వెళ్ళడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా ఉంది. మార్పు ఉండటం తప్పు కాదు. ఎవరు మారుస్తున్నారో కనిపించకపోవడమే తప్పు. నీ వ్యాసం మొత్తం ఈ మాట మీద నిలబడాలి.

ఒక న్యాయమైన మాట కూడా చేర్చు. ఆ చిట్కాను పెద్దవాళ్ళూ వాడారు. హాస్కెల్‌లో అందరూ వాడే ర్యాండమ్ లైబ్రరీ లోపల గ్లోబల్ జనరేటర్ అలాగే ఉంది, నోఇన్‌లైన్‌తో సహా. ప్రోగ్రాం అంతటికీ ఒక్కటే ఉంటే చాలన్న చోట, తెలిసినవాళ్ళు చేసిన పని అది. హాస్కెల్ రూపకర్తల్లో ఒకరైన జాన్ హ్యూస్ 2004లో ఈ గ్లోబల్ వేరియబుల్ సమస్య మీదే ఒక పరిశోధన పత్రం రాశారు. అప్పటికి ఉన్న పద్ధతులేవీ తృప్తిగా లేవని చెప్పి, కంపైలరే లోపలికి అందించే పారామీటర్ల దారి సూచించారు. అంటే తెలివైనవాళ్ళను కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. పాఠకుడికి అర్థం కాకపోతే అది అతని లోపం కాదని ఈ సంగతి చెబుతుంది.

తర్వాత దారి మామూలుదే. మెయిన్‌లో ఐఓరెఫ్‌ను పుట్టించి, ఒక రికార్డులో పెట్టి, కావలసిన ఫంక్షన్లకు ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం. ఆర్గ్యుమెంటును పది ఫంక్షన్ల గుండా మోసుకెళ్ళడం విసుగనిపిస్తే, దాన్ని వెనకనుంచి తనే అందించే రీడర్‌టీ. రికార్డు మారదు, దానిలో ఉన్న ఐఓరెఫ్ లోపలి విలువ మారుతుంది. రెండో పెట్టె వస్తే రెండో ఐఓరెఫ్, అంతే. లెక్కను ఒక పని నుంచి తర్వాతి పనికి అందిస్తూ పోయే స్టేట్‌టీ ఎందుకు కాదని ఎవరైనా అడుగుతారు కాబట్టి రెండు కారణాలు రాయి. కొత్త థ్రెడ్ మొదలుపెడితే దానికి స్టేట్ కాపీ వెళుతుంది తప్ప ఇద్దరూ ఒకే లెక్కను పంచుకోరు. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చి బయట పట్టుకుంటే అప్పటిదాకా చేసిన మార్పులు పోతాయి. ఎస్‌టీ మొనాడ్ భాగం మాత్రం తీసెయ్. అది ఒక ఫంక్షన్ లోపలే పుట్టి లోపలే ముగిసే మార్పుల కోసం, దానికి వేరే వ్యాసం రాయాలి.

ఎస్‌టీఎం (కొన్ని మార్పులను ఒకే లావాదేవీగా చేసే పద్ధతి) భాగాన్ని మాత్రం పెంచు. నువ్వు ఒక పేరాలో తేల్చేశావు, నాకు చాలా బాధ కలిగింది. అటామిక్‌మాడిఫై ఒక్క ఐఓరెఫ్‌కే పనికొస్తుంది. కానీ జనం రానూపోనూ టికెట్లు అడుగుతారు. వెళ్ళే సీటు దొరికి వచ్చే సీటు దొరకకపోతే రెండూ వద్దంటారు. ఒక్కో రైలుకు ఒక ఎంవార్ (ఒకసారి ఒకరే తీసుకోగల డబ్బా) పెట్టి తాళంలా వాడితే ఏమవుతుందో చూడు. విశాఖవాసి ముందు అరకు వెళ్ళే రైలును పట్టుకొని, ఆ తర్వాత వచ్చే రైలు కోసం చూస్తాడు. అరకువాసి ముందు విశాఖ వచ్చే రైలును పట్టుకొని రెండోదాని కోసం చూస్తాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు, ప్రోగ్రాం అక్కడే నిలిచిపోతుంది. ఎస్‌టీఎంలో విలువలుండే డబ్బాలైన టీవార్‌లతో ఆ గొడవ లేదు. రెండు సీట్లనూ ఒకే లావాదేవీలో రాస్తావు, జరిగితే రెండూ జరుగుతాయి, లేకపోతే ఏదీ జరగదు. సీటు లేకపోతే రీట్రై అంటే చాలు, చదివిన టీవార్‌లలో ఏదైనా మారేదాకా థ్రెడ్ నిద్రపోతుంది. ఎవరో టికెట్ క్యాన్సిల్ చేసుకోగానే లేచి మళ్ళీ ప్రయత్నిస్తుంది. అంటే వెయిటింగ్ లిస్టు దాదాపు ఊరికే వచ్చినట్టే! విస్టాడోమ్ లేకపోతే మామూలు పెట్టెలో చూడమనడానికి ఆర్‌ఎల్స్ ఉంది, మొదటి ప్రయత్నంలో చేసిన మార్పులు అదే వెనక్కి తీసుకుంటుంది.

లావాదేవీ లోపల ఎస్‌ఎంఎస్ పంపడం కుదరదని కూడా రాయి. లావాదేవీ ఒకసారికి బదులు కొన్నిసార్లు నడవొచ్చు, అప్పుడు ఒక్క టికెట్‌కు నాలుగు మెసేజ్‌లు వెళతాయి. హాస్కెల్‌లో టైపే దాన్ని ఆపేస్తుంది, కంపైల్ కాదు. లావాదేవీ ముగిసి జవాబు బయటికి వచ్చాకే పంపాలి. 2005లో ఎస్‌టీఎం ఆలోచన హాస్కెల్‌లో అంత చక్కగా ఇమడటానికి పెద్ద కారణం ఇదే. స్వచ్ఛత వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్ళకు నేనైతే ఈ ఉదాహరణే చూపిస్తాను.

ప్రోగ్రాం ఆగిపోతే ఇవన్నీ మెమరీతో పాటే పోతాయనీ, నిలిచి ఉండాల్సిన లెక్క డేటాబేస్‌లో ఉండాలనీ రెండు వాక్యాలు చాలు.

భాష గురించి కొంచెం. "చాలా సింపుల్", "అందరికీ తెలిసిందే" అన్నవి వెతికి తీసెయ్. అర్థం కాని పిల్లవాడు ఆ మాట చూసి తనను తాను తక్కువ చేసుకుంటాడు. జావావాళ్ళను వెక్కిరించిన పేరా కూడా తీసెయ్, మన పాఠకులు వాళ్ళే.

తిరగరాశాక కోడ్ ఫైళ్ళు కూడా పంపు, ఏ జీహెచ్‌సీ వెర్షన్‌లో నడిపావో పైన రాయి. 44 సీట్లకు వంద థ్రెడ్లను వదిలే ప్రోగ్రాం తప్పకుండా ఉండాలి, మొదటి తప్పు పద్ధతితో ఒకటి, ఎస్‌టీఎంతో ఒకటి. థ్రెడెడ్ ఆప్షన్‌తో కంపైల్ చేసి అన్ని కోర్ల మీదా నడుపు. తప్పు పద్ధతి కూడా ఒక్కోసారి సరైన జవాబే ఇచ్చేస్తుంది కాబట్టి, చూడటానికీ తగ్గించడానికీ మధ్య చిన్న ఆలస్యం పెట్టు, అప్పుడు పాఠకుడి కంప్యూటర్‌లో కూడా లెక్క తప్పడం కనిపిస్తుంది. ఆదివారం మద్దిలపాలెం వైపు వస్తే ల్యాప్‌టాప్ తెచ్చుకో, రీట్రై భాగం ఇద్దరం కలిసి నడిపి చూద్దాం.

మీ అన్నయ్య