వీధిని చూశాకే ఇల్లు గీయించు

చిరంజీవి శీనుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంగ్లండ్‌లో కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత తీరు చెడకుండా కాపాడాలని కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) గుర్తించిన ప్రాంతంలో, ఇల్లు కట్టుకుందామని నువ్వు పంపిన స్థలం ఫొటోలు మీ పెద్దమ్మా నేనూ కూర్చుని చూశాం. ఆవిడకి ఆ యాపిల్ చెట్టు నచ్చింది. నాకు మాత్రం ఆ రెండు పాత ఇళ్ళ మధ్య ఖాళీ చూడగానే కాస్త గుబులు పుట్టింది. ఎందుకో చెప్తాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకు.

ఎస్టేట్ ఏజెంట్ "ఇల్లు కట్టుకునే అవకాశం ఉంది" అన్నాడని రాశావు. నేల ఎక్కడున్నా వాళ్ళు ఆ మాట అంటారు. ఇల్లు కట్టడానికి కౌన్సిల్ పర్మిషన్ వస్తేనే కొంటాను అని షరతు పెట్టి కాంట్రాక్ట్ రాయించమని మీ సొలిసిటర్‌ని, అంటే లాయర్‌ని అడుగు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే, రిస్క్ మొత్తం నీ నెత్తిన పెడుతున్నాడనే అర్థం. అప్పుడు ధర దానికి తగ్గట్టు ఉండాలి, లేదా ఇంకో స్థలం చూసుకోవాలి.

కన్జర్వేషన్ ఏరియా అనగానే మనవాళ్ళు రెండు రకాలుగా ఆలోచిస్తారు. కొందరు "అక్కడ ఇటుక కూడా కదపనివ్వరు" అంటారు. కొందరు "డబ్బు పెడితే ఆర్కిటెక్టే చూసుకుంటాడు" అంటారు. రెండూ తప్పే. 1967లో చట్టం వచ్చింది, లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ మొదటిది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇలాంటివి పదివేల దాకా ఉన్నాయి. వాటిలో కొత్త ఇళ్ళు వస్తూనే ఉన్నాయి. 1990 చట్టం కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసర్‌ని అడిగేది ఒకటే: ఈ ఇల్లు వస్తే ఆ ప్రాంతం తీరు నిలుస్తుందా, మెరుగుపడుతుందా, దెబ్బతింటుందా? మెరుగుపరచాల్సిన పని లేదు, చెడగొట్టకపోతే చాలని 1992లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది కూడా. అంటే నీ ఇల్లు అందంగా ఉందా అన్నది రెండో ప్రశ్న. ఆ వీధికి ఏమవుతుందన్నది మొదటిది.

ఇది నాకు దెబ్బ తగిలాకే అర్థమైంది. మా ఇల్లు కూడా ఇలాంటి ఏరియాలోదే. మా స్థలం ముందు వీధి పడమర వైపు. మీ తాతగారు ఫోన్ మీద ఫోన్ చేసి "సింహద్వారం తూర్పుకే ఉండాలిరా" అని పట్టుబట్టారు. నేనూ సరేనని ద్వారం వెనకతోట వైపు పెట్టించి, వీధి వైపు గ్యారేజీ తలుపు, బాత్రూమ్ కిటికీ, ఒక గోడ మిగిల్చాను. పైగా నాలుగు పొడుగాటి స్తంభాలు, అవి నా సరదా. ఆ వీధిలో నూరేళ్ళుగా ప్రతి ఇల్లూ తలుపు, కిటికీలు వీధికి పెట్టుకుని నిలబడి ఉంటే, నాది ఒక్కటే వీపు తిప్పి కూర్చుంది. రిజెక్ట్ చేశారు. ఆ లెటర్ చదివి వారం రోజులు కౌన్సిల్‌ని తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి చూస్తే, వాళ్ళు రాసింది నిజమేననిపించింది.

రెండోసారి తలుపు వీధికే పెట్టాం. స్తంభాలు పోయాయి. వంటిల్లు ఆగ్నేయంలోనే, పూజగది ఈశాన్యంలోనే ఉంచుకున్నాం. లోపల ఏ మూల ఏం పెట్టుకున్నా వాళ్ళకి పట్టదు. తాతగారిని ఒప్పించడమే కౌన్సిల్‌ని ఒప్పించడం కన్నా కష్టమైంది, అది వేరే కథ. నీ ఇంట్లో కూడా ఇలాంటి పట్టింపులు ఉంటే ఆర్కిటెక్ట్‌కి మొదటి రోజే చెప్పు. సగం గీశాక చెప్తే డబ్బులు దండగ.

అందుకే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ కన్జర్వేషన్ ఏరియాకి అప్రైజల్ అనే డాక్యుమెంట్ ఉందేమో వెతుకు. ఏ ఇళ్ళు ముఖ్యమో, ఎక్కడి నుంచి ఏ దృశ్యం కాపాడాలో మ్యాప్‌లో బాణం గుర్తులతో సహా ఉంటుంది. నాకు గుబులు అన్నానే, అది ఇక్కడే. ఒక్కోసారి ఇళ్ళ మధ్య ఖాళీ కూడా ఆ ప్రాంతం తీరులో భాగమని రాస్తారు. ఆ సందులోంచి చర్చి శిఖరమో, వెనక చెట్లో కనిపిస్తుంటే, అక్కడ రెండంతస్తుల ఇల్లు అంటే చాలా కష్టం. నీ మూడో ఫొటోలో వెనకాల ఏదో గోపురం లాంటిది ఉంది. అదేమిటో చూసి చెప్పు.

తర్వాత టేపు, నోట్‌బుక్ పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడువు. చూరు ఎంత ఎత్తులో ఉంది, ఇల్లు పేవ్‌మెంట్ నుంచి ఎంత లోపలికి ఉంది, కిటికీలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా, కప్పు స్లేటా పెంకా, అన్నీ రాసుకో. ఇటుకల వరస కూడా చూడు. పాత ఇళ్ళలో ఒక వరసలోనే ఒక ఇటుక పొడుగ్గా, పక్కది తల మాత్రమే కనిపించేలా పేర్చి ఉంటుంది. ఫ్లెమిష్ బాండ్ అంటారు. ఇప్పటి గోడల్లో అన్నీ పొడుగువే. మామూలు కంటికి తేడా తెలియదు కానీ కౌన్సిల్‌లో కన్జర్వేషన్ పని చూసేవాళ్ళకి దూరం నుంచే తెలుస్తుంది.

నాకు పర్మిషన్ వచ్చాక కూడా, గోడ మొదలుపెట్టే ముందు ఒక నమూనా ముక్క కట్టి చూపించాలని షరతు పెట్టారు. మేస్త్రీ మంచి ఇటుకే తెచ్చాడు. మీటరు గోడ కట్టాం. కన్జర్వేషన్ ఆఫీసరమ్మ వచ్చింది, ఇటుక వైపు చూడనే లేదు. వంగి, ఇటుకల మధ్య గీత మీద వేలు పెట్టి, "ఇది లావుగా ఉంది, రంగు కూడా మరీ బూడిద" అంది. పక్కింటి గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. అక్కడ సన్నటి గీత, కాస్త పసుపు. మేస్త్రీ సిమెంట్ మానేసి, సున్నంతో, వేరే ఇసుకతో మూడోసారి కడితేగానీ ఓకే అనలేదు. అప్పట్లో ఒళ్ళు మండింది. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆ గోడే చూపిస్తాను.

కొత్తకాలం ఇల్లు కట్టకూడదా అంటావేమో. కట్టొచ్చు. పాతదాన్ని కాపీ కొట్టమని ఎవరూ అడగరు. అరకొర కాపీ కన్నా, కొలతలు వీధికి కలిసిన నేటి ఇల్లే నయం అనే ఆఫీసర్లు చాలామంది. నీకు అద్దాలు ఇష్టమైతే తోట వైపు పెట్టుకో.

ఆర్కిటెక్ట్ పూర్తి డ్రాయింగులు గీసే ముందే కౌన్సిల్‌లో ప్రీ-యాప్ సలహా, అంటే అప్లికేషన్ పెట్టకముందే అడిగే సలహా, తీసుకోండి. ఫీజు ఉంటుంది, వాళ్ళిచ్చే జవాబుకి వాళ్ళు కట్టుబడి ఉండక్కర్లేదు కూడా. అయినా తీసుకో. నేను మొదటిసారి ఆ ఫీజు మిగుల్చుకుని ఏడాది పోగొట్టుకున్నాను. అప్లికేషన్‌తో పాటు, ఆ పాత ప్రాంతం మీద ఇంటి ప్రభావం చెప్పే హెరిటేజ్ స్టేట్‌మెంట్, ఇల్లు అలా ఎందుకు గీశారో, లోపలికి ఎలా వెళ్ళొస్తారో చెప్పే డిజైన్ అండ్ యాక్సెస్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఎక్కడి నుంచో దింపిన కాపీ కాకుండా చూసుకో, నీ నోట్‌బుక్ పనికొచ్చేది ఇక్కడే.

మీ పెద్దమ్మకి నచ్చిన ఆ యాపిల్ చెట్టు జోలికి ఇప్పుడు వెళ్ళకు. భుజం ఎత్తున, అంటే మీటరున్నర దగ్గర, మాను 75 మిల్లీమీటర్ల కన్నా లావుంటే నరకడానికి ఆరు వారాల ముందు కౌన్సిల్‌కి నోటీసు ఇవ్వాలి. రోడ్డు వైపు ఉన్న ఆ పాత గోడ కూడా అంతే. మీటరు ఎత్తు దాటితే పర్మిషన్ లేకుండా పడగొట్టడం క్రిమినల్ నేరం. "స్థలం శుభ్రం చేసి పెడతాను" అనే కాంట్రాక్టర్ మాట వినకు. ఆ పాత షెడ్డులో గబ్బిలాలు ఉన్నాయంటే సర్వే వేసవిలోనే చేయాలి, ఒక సీజన్ తప్పితే ఏడాది పోతుంది.

ఇరుగుపొరుగుకి నోటీసు అతికించాక తెలియకూడదు. ఒక ఆదివారం నువ్వూ అమ్మాయీ వెళ్ళి డ్రాయింగ్ చూపించి రండి. అభ్యంతరాలకి 21 రోజులు గడువు. మా ఇంటి ధర పడిపోతుంది, మాకు కనిపించే దృశ్యం పోతుంది అన్నవి లెక్కలోకి రావు. మా పడకగదిలోకి మీ కిటికీ చూస్తుంది, వెలుతురు తగ్గుతుంది అన్నవి వస్తాయి. కాబట్టి పక్కవాళ్ళ వైపు కిటికీల సంగతి నువ్వే ముందు ఎత్తు.

కౌన్సిల్ నిర్ణయానికి గడువు ఎనిమిది వారాలంటారు కానీ కొంచెం టైమివ్వమని ఆఫీసర్ ఈమెయిల్ పెడితే ఒప్పుకో. మార్పులు అడుగుతున్నాడంటే ఇంకా తలుపు మూయలేదనే. రిజెక్ట్ చేస్తే అప్పీల్‌కి ఆరు నెలలు ఉంటుంది, కానీ నేనైతే డ్రాయింగే మార్చి మళ్ళీ పెడతాను. మాకప్పుడు రెండోసారి ఫీజు లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆ వెసులుబాటు తీసేశారు, అందుకే మొదటిదే గట్టిగా పెట్టు.

పర్మిషన్ లెటర్ వచ్చిన రోజు అందరూ మొదటి పేజీ చదివి స్వీట్లు పంచుతారు. నువ్వు చివరి పేజీలు చదువు. పని మొదలుపెట్టకముందే తీర్చాల్సిన షరతులు అక్కడుంటాయి. మూడేళ్ళలో పని మొదలుకావాలి. మీ కౌన్సిల్‌లో సీఐఎల్ అనే లెవీ, అంటే కొత్త కట్టడాల మీద వేసే రుసుము, ఉంటే, సొంతంగా కట్టుకునేవాళ్ళకి మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు ముందే తీసుకుని, పని మొదలుపెట్టే నోటీసు కూడా ముందే ఇవ్వాలి. మినహాయింపు రాకముందే పని మొదలైతే మొత్తం కట్టాల్సొస్తుంది, అది వేల పౌండ్లలో ఉంటుంది; నోటీసు ఆలస్యమైతే జరిమానా పడొచ్చు. జేసీబీ వాడికి డేట్ ఇచ్చే ముందు ఆ రెండు కాగితాలూ చేతిలో ఉన్నాయా అని చూసుకో.

ఆ గోపురం సంగతి తేలాక ఫోన్ చెయ్యి. శనివారం నేనూ వస్తాను, ఇద్దరం ఆ వీధి నడిచొద్దాం. టేపు నా దగ్గరుంది, గొడుగు నువ్వు తెచ్చుకో.

మీ పెదనాన్న