టెక్ సందేహాలు: అడ్వాన్స్ తీసుకున్నాక రేటు పెంచొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి చదువు కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తున్నాను. పోయిన వారం ర్యామ్‌కు (మెమరీ చిప్‌లు ఉండే భాగం) రేటు మాట్లాడుకుని వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాను, రేటు వేసి చీటీ రాసిచ్చారు. ఇప్పుడేమో తైవాన్‌లో భూకంపం వచ్చిందట, ఇంకో 800 కట్టమంటున్నారు. మానిటర్ కూడా తమ దగ్గరే కొనాలట. ఎక్కడో భూకంపం వస్తే కర్నూల్లో రేటు పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పెరుగుతుంది. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు కరెంటు పోయి చిప్ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. 2011లో థాయ్‌లాండ్ వరదలు ఇంకా గట్టి దెబ్బ కొట్టాయి. హార్డ్‌డిస్కులు చేసే వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ నీట మునిగింది. ఇంకో హార్డ్‌డిస్క్ కంపెనీ సీగేట్ ఫ్యాక్టరీలు మునగలేదు కానీ, హార్డ్‌డిస్క్ మోటార్లు చేసే నిడెక్ ప్లాంట్లు దెబ్బతినడంతో సీగేట్‌కూ సరిపడా విడిభాగాలు అందలేదు. కొన్ని వారాల్లోనే చాలా మోడళ్ల ధర రెట్టింపైంది. నీళ్లు తీసినా రేట్లు దిగడానికి చాలా కాలం పట్టింది. పైగా వెస్టర్న్ డిజిటల్, సీగేట్ రెండూ చాలా మోడళ్లకు వారంటీ తగ్గించాయి.

కానీ మీ షాపులో ఉన్న ర్యామ్ వాళ్లు ఇప్పుడు చెప్తున్న భూకంపానికి ముందే తయారైంది. ఒక చిప్ పూర్తవడానికే నెలలు పడుతుంది. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం చూడండి, మీకే తెలుస్తుంది.

షాపు వాళ్ల ఇబ్బందీ నిజమే. పాత రేటుకు అమ్మేస్తే ఆ డబ్బుతో కొత్త సరుకు రాదు. డిస్ట్రిబ్యూటర్ ఉదయం ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు చెప్తుంటే చిన్న షాపు ఏం చేస్తుంది? అందుకే ఎవరికీ మాటివ్వని స్టాక్‌కు, ఎమ్మార్పీ దాటకుండా రేటు పెంచితే నేను తప్పు పట్టను. మీ సంగతి వేరు. అడ్వాన్స్ తీసుకుని రేటు రాసిచ్చారు కాబట్టి ఆ నష్టం వాళ్లే భరించాలి. వరదంటే ఏమిటో కర్నూలుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు ఎన్ని షాపులు సరుకంతా పోగొట్టుకున్నాయో మనం చూశాం. అలాంటి ఊళ్లో ఇంకొకరి విపత్తును సాకుగా చూపడం నాకు చాలా బాధగా ఉంది.

మానిటర్ కొంటేనే ర్యామ్ ఇస్తామనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. ఎమ్మార్పీ మీద ఎక్కువ ధర స్టిక్కర్ అతికించడమూ కుదరదు. చీటీ ఫొటో తీసుకుని ముందు మర్యాదగా అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు మాత్రం వదలొద్దు, వారంటీకి అదే ఆధారం.

ప్రశ్న: సీల్ లేని హార్డ్‌డిస్క్ సగం ధరకు ఇస్తామంటున్నారు. వరదలో తడిసిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: కొనకండి. మామూలు హార్డ్‌డిస్క్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, మునిగితే నీళ్లు లోపలికి పోతాయి. ఆరబెట్టాక కొన్నాళ్లు తిరిగినా, లోపల మిగిలిన మట్టి వల్ల ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అప్పటికి మీ ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి. స్క్రూల దగ్గర తుప్పు, సర్క్యూట్ బోర్డు మీద తెల్లటి పొర కనిపిస్తే మీ అనుమానం నిజమే అనుకోండి.